స్క్రూ లేని స్టాండు

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చిన మరుసటి ఏడాది, వైశాఖ మాసం, గురువారం, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని తన చేతులతో ఇనుప కుర్చీ మోసుకొచ్చి నా వెనక వేశాడు. టైము ఎట్లా తెలుసంటే, మిల్లు గోడకు పెద్ద గడియారం ఉంది, నేను సరిగ్గా దానికి ఎదురుగా నిలబడి ఉన్నాను. కుర్చీ పడ్డాక నిలబడలేదు.

ఆ కుర్చీ వేయించిన మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతే తెలుస్తుంది.

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు యాదికొచ్చాడంటే, మొన్న సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలుకు పెళ్లి భోజనానికి పోయాను. స్టేజీ మీద ఒక అమ్మాయి పాడుతోంది. ముందర సన్నటి స్టాండు, దాని మీద కాగితానికి బదులు ఫోను. పాట అయ్యాక దగ్గరికి పోయాను.

"బిడ్డా, దీనికి ఇస్క్రూ ఉన్నదా?"

"ఉన్నది తాతా. ఎంత కిందికంటే అంత కిందికి దిగుతది, సూడు" అని తిప్పి చూపించింది.

"దించకు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. ముసలాయనకు మతి పోయిందనుకొని ఉంటుంది. నాకు మతి బాగానే ఉంది.

ఆయన మా సూర్యాపేట బ్యాండుకు వచ్చేనాటికి మేం చెవితో వాయించేవాళ్లం. హోటల్ రేడియోలో సినిమా పాట వినడం, మర్నాడు పెళ్లిలో ఊదెయ్యడం. చరణం మధ్యలో ఎవరికైనా మరుపొస్తే నేను డోలు గట్టిగా కొట్టేవాణ్ణి, జనానికి తెలిసేది కాదు. మాది డప్పు కొట్టే ఇల్లు. డప్పు నుంచి బ్యాండు డోలుకు వచ్చాను. చర్మం అదే, చెయ్యి అదే, ఒంటి మీదకు ఖాకీ డ్రెస్సు వచ్చింది, అంతే తేడా. పెళ్లింట్లో మా జాగా మాత్రం మారలేదు. ఊరేగింపులో నడవడం, పందిట్లో నేల మీద కూర్చోవడం. నన్నయితే పందిరి గుంజ అవతల కూర్చోమనేవాళ్లు.

ఆయన పట్నంలో మిలిటరీ పల్టన్ బ్యాండులో క్లారినెట్ వాయించి వచ్చాడని జనం చెప్పుకునేవారు. ఆయన నోట ఎన్నడూ వినలేదు. సన్నటి మనిషి. ఇస్త్రీ నలగని ప్యాంటు. చంకలో ఎప్పుడూ తువ్వాలు చుట్టిన పొడుగాటి మూట ఒకటి. దాన్ని విప్పితే మూడు కాళ్లు, ఒక మెడ, రెండు రెక్కలు. మొదటిసారి చూసి మా లచ్చయ్య, అంటే పెద్ద బాకా ఊదేవాడు, "గొడుగు పాడైతే బాగుచేయించుకోవాలె గని, పుల్లలు మోసుకొని తిరుగుడేంది మాస్టర్?" అన్నాడు.

మాస్టరు నవ్వలేదు. ఒక్కొక్క కాలూ విప్పాడు. రెక్కల మీద కాగితం పెట్టాడు. గాలికి ఎగరకుండా బట్టలారేసుకునే చెక్క క్లిప్పులు రెండు తగిలించాడు. "రేపటి సంది పాట ఈడ ఉంటది, మీ నెత్తిల గాదు. ఇగ మరుపొచ్చిందని డోలు చాటున దాసుకునుడు ఖతం" అన్నాడు.

కాగితాల మీద మా వాళ్ల కోసం స రి గ మ లు తెలుగులో రాసేవాడు, ఎర్ర సిరాతో, ఇంతింత లావు అక్షరాలు. అట్లాంటివే ఇంకొన్ని తెప్పించి ఇద్దరికి ఒక స్టాండు ఇచ్చాడు. ఇద్దరిలో లోపలి వైపు కూర్చున్నవాడు పేజీ తిప్పాలి, బయటివాడు ఊపిరి ఆపకూడదు. కాగితం అంచు గడ్డం దాటి పైకి రాకూడదు. వస్తే తన చేతిలోని పుల్లతో స్టాండు మెడ మీద టక్కున కొట్టేవాడు. "ముంగట గోడ కట్టుకున్నవా? ఒక కన్ను కాయితం మీద, ఒక కన్ను నా మీద. దాసుకునేటోడు ఇంట్ల దాసుకోవాలె." వాయించేటప్పుడు ఆయన చెయ్యి కదిలే తీరు ఇంకా నా కళ్లల్లో ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి గాలిలోంచి ఈగను పట్టినట్టు పట్టేవాడు. పట్టగానే అందరం ఆగిపోవాలి. ఒక్కడు ఆగకపోయినా, ఆ ఈగ తప్పించుకున్నట్టు చుట్టూ వెతికేవాడు. తిట్టు కంటే అది ఎక్కువ తగిలేది.

పెళ్లింటివాళ్లు మమ్మల్ని పిలవడానికి వస్తే పాటల గురించి తర్వాత మాట్లాడేవాళ్లు. ముందు అడిగేది ఒకటే.

"మాస్టర్, మీరేమోళ్లు?"

"బ్యాండోళ్లం."

"అదిగాదు. అసలుకు?"

"అసలుకు బ్యాండోళ్లమే."

అడిగినవాడు ఏదో ఒక పక్క నుంచి మళ్లీ వచ్చేవాడు. మీ నాయిన పేరేంది, మీది ఏ వాడ, మీ ఇంటిపేరేంది. ఆయన ఏదీ చెప్పలేదు, వాళ్లకే కాదు, మాకూ చెప్పలేదు. పేరు రాస్తే మీరూ ఆ పేరు పట్టుకొని అదే వెతుకుతారు. అందుకే రాయను.

నిడమనూరు సంగతి చెప్పాలి. అక్కడే ఇదంతా మొదలైంది.

అది కాలువ సర్వే జరుగుతున్న కాలం. మూడు కాళ్ల దుర్భిణి పెట్టి కొలిచేవాళ్లు ఏ చేనులో దిగితే ఆ చేను పోయినట్టే అని ఊళ్లల్లో ఒకటే దడ. మేం నిడమనూరులో పెళ్లికని పోయాం. బస్సు దిగి, పెళ్లింటివాళ్లు వచ్చేలోపు ఒకసారి సరిచూసుకుందామని చేను గట్టున స్టాండ్లు విప్పాం. కాగితాలింకా పెట్టలేదు. వాయిద్యాలింకా సంచుల్లోనే ఉన్నాయి. ఒంటి మీద ఖాకీ. అంతే, ఒక పెద్దమనిషి రొప్పుకుంటూ వచ్చాడు. వెనక ఇద్దరు జీతగాళ్లు నెత్తి మీద కుర్చీలు, ఇంకొకడి చేతిలో మజ్జిగ చెంబు.

"సార్లూ, ఎండల నిలబడ్డరు, కూసోండ్రి. జర దయుంచాలె. మా చేను నడుమకెళ్లి కాకుండ ఆ పక్కకెళ్లి గీయుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

లచ్చయ్య అప్పటికే కుర్చీలో కూలబడి మజ్జిగ తాగుతున్నాడు. మూతి తుడుచుకొని, "పక్కకంటే ఎంత పక్కకు?" అని కూడా అడిగాడు.

మాస్టరు అబద్ధం చెప్పే మనిషి కాదు. "పెద్దయ్యా, మేం కాలువోళ్లం గాదు. పెళ్లికొచ్చిన బ్యాండోళ్లం" అన్నాడు.

ఆ పెద్దమనిషి మొహం ముందు వెలిగింది, చేను దక్కింది కదా. తర్వాత కుర్చీల వైపు చూశాడు. "ఓర్నీ, బ్యాండోళ్లా! లేవుండ్రి, లేవుండ్రి" అని కుర్చీలు మళ్లీ జీతగాళ్ల నెత్తి మీద పెట్టించి ఇంటికి పంపాడు. లచ్చయ్య చేతిలో చెంబు కూడా లాక్కున్నారు. సగం మజ్జిగ అందులోనే ఉంది.

పెళ్లిలో ఎప్పటిలాగే స్టాండ్లు స్క్రూ తిప్పి కిందికి దించుకొని, నేల మీద కూర్చొని వాయించాం. తిరుగు బస్సులో అందరం ఆ మజ్జిగ ముచ్చట చెప్పుకొని నవ్వాం. ఆయన ఒక్కడే నవ్వలేదు. చాలా దూరం వచ్చాక నా వైపు తిరిగాడు.

"ఎల్లయ్యా, ఆ కుర్చీలు మనకు ఏయలే. స్టాండుకు ఏసిండ్రు."

"సర్వే సామాననుకున్నరు మాస్టర్."

"ఏదనుకుంటేంది? మూడు కాళ్లది నిలబడితే, దాని ఎనక మనిషి కుర్చీల ఉండాలని వాళ్లకే అనిపించింది. మనం అడగలే."

ఆ తర్వాత పెళ్లి కోదాడలో. మోతుబరి ఇల్లు. ఈసారి మాస్టరు ముందే అడిగాడు, చదివి వాయించేవాళ్లం, కుర్చీలు కావాలని. ఆ ఇంటాయన మాట ఎంతో మర్యాద.

"అలాగేనండీ మాస్టారూ, దానికేం భాగ్యం. అవునూ, ఇదేంటండీ, ఈ స్క్రూ? ఓహో, దిగుతుందే! మరింకేంటండీ, చక్కగా దించుకుని చాప మీద కూర్చోండి. కుర్చీలు చుట్టాలకే చాలట్లేదు."

అని ప్రతి స్టాండు దగ్గరికీ వచ్చి తానే స్క్రూ తిప్పి దించి పెట్టాడు. అంత మర్యాదగా మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ రోజు చాప మీది నుంచి చూస్తే ఆయన చెయ్యి మాకు ఎక్కడో ఆకాశంలో ఆడుతున్నట్టు కనిపించింది.

మర్నాడే సూర్యాపేటలో ఒక వెల్డింగు షెడ్డుకు పోయాడు. నన్ను వెంట రమ్మన్నాడు. షెడ్డు ఆయన బండి చక్రాలకు పట్టాలు వేసేవాడు. మాస్టరు ఒక స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, నా రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

"కాయితం ఈ ఎత్తుల ఉండాలె. పైకి పోవద్దు, కిందికి దిగొద్దు."

"ఇస్క్రూ పెడితే రెండు తీర్ల పనికొస్తది గదనే?"

"ఆ రెండో తీరే వద్దు."

"గట్టి పైపు ఏస్తే బరువైతది. మోస్తరా?"

"మోస్తం."

మోసింది మేమే. కాళ్లు మడిచే ఏర్పాటు ఉంది గానీ మెడ మాత్రం ఒకటే ముక్క, అతికించేశాడు. లచ్చయ్య భుజం మార్చుకున్నప్పుడల్లా, "నీ మొండితనం తూకం ఇంతుంటదని తెలిస్తే ఎడ్లబండి తెచ్చుకుంటుంటి మాస్టర్" అనేవాడు.

ఆ స్టాండ్లలో ఒకటి ఎక్కువ వచ్చింది. అది నాకు.

"డోలుకు కాయితమెందుకు మాస్టర్? నాకు అక్షరం ముక్క రాదు."

"కాయితం లేకుంటే స్టాండు లేదు" అన్నాడు. స్టాండు లేకుంటే ఏం లేదో చెప్పలేదు. చెప్పే అవసరం లేదు.

నాకప్పటికి ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. అందరూ అ ఆ లతో మొదలుపెడతారు. నాకొచ్చిన మొదటి అక్షరం ఢ. ఢం లో ఢ. బడికి పోయే పిల్లలు ఎంతో కాలానికి చేరుకునే అక్షరం నాకు మొదటి రోజే వచ్చింది. "కింద ఆ గీత ఎందుకు మాస్టర్?" అని అడిగితే, "గీతుంటే గట్టిగ కొట్టు. గీత లేకుంటే మెల్లగ" అన్నాడు. తెలుగు పంతుళ్లు ఏమంటారో నాకు తెలియదు, నాకు మాత్రం ఇప్పటికీ డ అంటే మెల్లగా, ఢ అంటే గట్టిగా. తర్వాత నేర్చుకున్నది సున్న. సున్న అంటే చెయ్యి ఆపాలి, లోపల లెక్క ఆగకూడదు. నాకు ఢ కంటే సున్నే కష్టమైంది. పుట్టినప్పటి నుంచీ కొట్టే చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు. ఆయన ఎదురుగా నిలబడి గాలిలో ఈగను పట్టి అట్లాగే పట్టుకొని ఉండేవాడు. నేను మధ్యలో కొట్టేస్తే, వేళ్లు విప్పి, పోయిందన్నట్టు చూసేవాడు.

కాలువ వచ్చింది. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. వాటిలో ఒకదాని సావుకారు తన బిడ్డ పెళ్లికి మమ్మల్ని పిలిచాడు. పట్నంలో ఎక్కడో కాగితాలు చూసి వాయించే బ్యాండును చూశాడట. ఆంధ్రా వైపు నుంచి వచ్చే వియ్యాలవారికి తన ఇంట్లోనూ అది చూపించాలని ఉబలాటం. వడ్లు ఆరబోసే గచ్చంతా కడిగి పందిరి వేశారు. వియ్యాలవారి కోసం ముందు వరుసలో ఇనుప కుర్చీలు వేశారు.

గుమస్తా వచ్చి, "గచ్చు మీద జంబుఖానా ఏసినం. కూసోండ్రి" అన్నాడు.

మేం స్టాండ్లు నిలబెట్టాం. గుమస్తా ఒక్కొక్క స్టాండు చుట్టూ తిరిగి, వంగి, మెడ తడిమి చూశాడు.

"ఇస్క్రూ ఏదే?"

"లేదు" అన్నాడు మాస్టరు.

"లేకుంటే ఎట్ల?"

"గట్లనే."

"అయితే నిలబడి వాయించుండ్రి."

నిలబడ్డాం. స్టాండ్లు నడుము దాకా వస్తాయి. కాగితం కనబడాలంటే అందరం నడుము వంచాలి. క్లారినెట్లు నేలను చూస్తున్నాయి. వంట మనుషుల్లోంచి ఎవరో, "వీళ్లు వాయించేటోళ్లా, బియ్యంల వడ్లగింజలు ఏరేటోళ్లా?" అన్నారు. పందిరంతా నవ్వింది. గుమస్తాకు రోషమొచ్చింది. హమాలీలను పిలిచి తవుడు బస్తాలు దొర్లించుకొచ్చాడు. కుర్చీ ఎత్తే ఉన్నాయి. ఒక్కొక్కరం ఎక్కి కూర్చున్నాం. తవుడు కదా, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. లచ్చయ్య మాలో లావు మనిషి. పాట ఎత్తుకునేలోపే కాగితం ఆయన కళ్లు దాటి, నెత్తి దాటి పైకి పోయింది. చివరికి పైన బాకా నోరొక్కటే కనిపించింది. లోపలి నుంచి లచ్చయ్య గొంతు వచ్చింది: "మాస్టర్, నేను మిల్లులకు పోతున్న, ఇంట్ల చెప్పుండ్రి."

ఈసారి పెళ్లివారి ఇంటి ఆడవాళ్లు కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. గుమస్తా ఇక ఓర్చుకోలేక కుర్చీలు తెప్పించాడు. క్లారినెట్లకు, ట్రంపెట్లకు, బాకాకు, చిన్న డ్రమ్ముకు, తాళాలకు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"డోలు కొట్టేటోడు నిలబడే కొడతడు గద. ఆయనకెందుకు?"

"ఆయన ముంగట స్టాండున్నది" అన్నాడు మాస్టరు.

"ఉంటే? వాడెవడో మాకు తెల్వదనుకున్నవా మాస్టర్? ముందు వరుసల మా చుట్టాలు కూసుంటరు. వాడూ వాళ్లూ ఒక తీరు కుర్చీల కూసుంటరా?"

అందరూ నన్నే చూస్తున్నారు. వదిలెయ్ మాస్టర్, నిలబడే కొడతా అనబోయాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

"స్టాండున్నకాడ కుర్చీ ఉండాలె" అన్నాడు.

"ఏందయ్యా ఆ స్టాండు? అండ్ల ఏమున్నదో వానికి తెలుసా అసలు?" అని గుమస్తా నా కాగితం మీద వేలు పెట్టి, "ఏయ్, ఈడ ఏమున్నదో చెప్పు" అన్నాడు.

చూశాను. వేలు మొదటి వరుసలో ఒక సున్న మీద ఉంది.

"ఊకొమ్మని ఉన్నది" అన్నాను.

ఉన్నదే చెప్పాను. ఎందుకు నవ్వారో ముందు నాకు అర్థం కాలేదు. గుమస్తా మొహం చూశాక అర్థమైంది.

అంతలో రోడ్డు మీద కార్ల హారన్లు. వియ్యాలవారు వచ్చేశారు. సావుకారు పంచె సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మాస్టరు చెయ్యి లేపాడు. క్లారినెట్లు లేచాయి, ట్రంపెట్లు లేచాయి. ఆ చెయ్యి మాత్రం దిగలేదు. బొటనవేలు, చూపుడువేలు ఈగను పట్టుకొనే ఉన్నాయి.

"ఏందయ్యా, కార్లు గేట్లకొచ్చినయి. ఎత్తుకో!"

"ఒక కుర్చీ తక్కువున్నది సావుకారు."

సావుకారు గుమస్తా వైపు చూశాడు. గుమస్తా నేల చూపులు చూశాడు. మొదటి కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. అప్పుడు సావుకారు ముందు వరుసకు పోయి, చివరి కుర్చీ ఒకటి ఎత్తి, రెండు చేతులతో మోసుకొచ్చి నా వెనక దడాలున వేశాడు.

"కూసో" అన్నాడు. కూసోండ్రి అనలేదు. దుమ్ము దులపలేదు. నాకవేమీ అక్కర్లేదు. గోడ మీద గడియారం తొమ్మిది ఇరవై. కూర్చున్నాను.

చెయ్యి దిగింది. పాట లేచింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా కాగితంలో మొదటి వరుస అంతా సున్నలే. ఒక్క ఢ కూడా లేదు. క్లారినెట్లు ఎత్తుకున్నాయి, ట్రంపెట్లు అందుకున్నాయి, వియ్యాలవారు పూలు, పన్నీరు దాటుకొని లోపలికి వచ్చారు, ముందు వరుసలో కూర్చున్నారు, నన్ను చూశారు. నేను ఏమీ కొట్టడం లేదు. రెండు చేతులూ తొడల మీద పెట్టుకొని, వీపు ఆనించి, కుర్చీలో ఊరికే కూర్చొని సున్నలు లెక్కపెట్టుకుంటున్నాను. మా నాయిన గానీ, మా తాత గానీ పెళ్లి పందిట్లో అట్లా ఊరికే కూర్చున్నది లేదు. వరుస చివర ఢ వచ్చింది. కింద గీత ఉన్న ఢ. కొట్టాను. పందిరి గుంజలు అదిరాయి.

తర్వాత ఆయన్ని అడిగాను, మొదటి వరుస కావాలనే అట్లా రాశావా అని. "పాటకు సరిపోతది, రాసిన" అన్నాడు. కాగితాలు సర్దుకుంటూ క్లిప్పులు జేబులో వేసుకున్నాడు. అప్పుడు నవ్వాడు. ఆయన పళ్లు నేను చూసింది అప్పుడే.

ఆ ఎండాకాలం నుంచి మా చుట్టుపక్కల ఊళ్లల్లో పెళ్లి మాట్లాడటానికి వచ్చేవాళ్లు, మీరేమోళ్లు అని అడగడం మానేశారని చెప్పను, మానలేదు. కానీ దాని తర్వాత ఇంకో మాట కూడా అడగడం మొదలుపెట్టారు: "ఎన్ని కుర్చీలు కావాలె?" కోదాడ మోతుబరి రెండో అమ్మాయి పెళ్లికి పోతే, మేం బస్సు దిగేసరికే కుర్చీలు వరుసగా వేసి ఉన్నాయి. "ముందే వేయించానండీ మాస్టారూ, మీ స్టాండు దిగదటగా" అని ఎదురొచ్చాడు. స్క్రూ ఉన్న పాత స్టాండ్లు ఏమయ్యాయో నేనెన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఆయన లేడు. నా స్టాండు మా ఇంట్లో ఉంది. పొద్దున్నే కుర్చీ వేసుకొని దాని మీద పేపరు పెట్టుకొని చదువుతాను. రొమ్ము ఎత్తు, అంగుళం దిగలేదు.

ఆ రోజు ఆ గచ్చు మీద ఎవరెవరున్నారో రాసి ఆపుతాను. కుర్చీ మోసిన సావుకారు రంగయ్య. గుమస్తా పాపయ్య. పెళ్లికూతురు సరోజన. పెళ్లికొడుకు పేరు యాదికి రావడం లేదు, ఆ రోజు నేను ఆయన్ని సరిగ్గా చూడలేదు. అందరూ కూర్చున్న ఆ పందిట్లో మాకెదురుగా, చెయ్యి లేపి, మొదటి నుంచి చివరి దాకా నిలబడే ఉన్నది మా మాస్టరు. ఆయన తన కోసం కుర్చీ అడగలేదు. ఇక కూర్చున్నవాళ్లు: క్లారినెట్ల స్టాండుకు యాదగిరి, సత్తయ్య. ట్రంపెట్ల స్టాండుకు మహబూబ్, జాన్. పెద్ద బాకాకు లచ్చయ్య. చిన్న డ్రమ్ముకు సైదులు. తాళాలకు వెంకన్న. డోలు ముందు కుర్చీలో నేను, ఎల్లయ్య.